ర్యాలీకి వెళ్తున్నారా.. పర్మిషన్ కాపీ అడిగారా?

రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. ‘రేపు ఉదయం 10 గంటలకు తిరువూరు బోసుబొమ్మ సెంటర్. నోటిఫికేషన్ కోసం భారీ ర్యాలీ. అందరూ రావాలి’. మీది నెమలి. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్‌కో గ్రూప్-2కో చదువుతున్నారు. అడుగుతున్నది మీ ఉద్యోగాల గురించే కాబట్టి వెళ్లాలనిపిస్తుంది. పొద్దున్నే మొదటి బస్సెక్కుతారు.

వెళ్లొద్దని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. బస్సెక్కే ముందు గ్రూపులో ఒక్క ప్రశ్న వేయమని చెప్పడానికి: ‘అన్నా, పర్మిషన్ తీసుకున్నారా? కాపీ ఉంటే పెట్టండి’. మెసేజ్ పెట్టినాయనకు చిరాకు రావచ్చు, రానివ్వండి. రేపు వెరిఫికేషన్ ఫారం నింపాల్సింది ఆయన కాదు, మీరు.

హక్కు ఉంది, కానీ..

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణం ఇచ్చింది. దేశ సమగ్రత, శాంతిభద్రతల కోసం దానిపై సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని 19(3) చెప్పింది. పాలిటీ పుస్తకంలో ఈ రెండు లైన్లూ మీకు కంఠతా వచ్చే ఉంటాయి. అసలు గొడవంతా ‘సహేతుకమైన’ అనే ఒక్క మాట దగ్గరే.

దీనిమీద సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1972లోనే తీర్పు ఇచ్చింది. హిమత్‌లాల్ షా కేసు అది. అది మొదలైంది విద్యార్థుల వల్లే. 1969లో విద్యార్థుల సమ్మెకు సంబంధించి అహ్మదాబాద్‌లో సభ పెట్టుకుంటామంటే పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ట్రాఫిక్, వేళలు, శాంతిభద్రతల కోసం నియంత్రణలు పెట్టొచ్చు గానీ, వీధుల్లో సభలు అసలే వద్దనడానికి ప్రభుత్వానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ఏ ప్రాతిపదికన ఇవ్వాలో, ఏ కారణంతో నిరాకరించాలో చెప్పకుండా అధికారి ఇష్టానికి వదిలేసిన నిబంధనను కొట్టేసింది.

మన దగ్గర తరచూ వినిపించే మాట ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’. అది 1861 నాటి పోలీసు చట్టంలోని సెక్షన్. ఊరేగింపు ఏ దారిలో, ఏ వేళలో వెళ్లాలో చెప్పే అధికారం, లైసెన్సు తీసుకోవాలని అడిగే అధికారం దాని ప్రకారం పోలీసులకు ఉన్నాయి. పండగలప్పుడు వీధుల్లో మోగే వాయిద్యాలనూ అదే సెక్షన్ కింద నియంత్రించొచ్చు. అంటే ధర్నాకే కాదు, ఊళ్లో వేణుగోపాలస్వామి ఊరేగింపుకీ అది వర్తిస్తుంది. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ దరఖాస్తుకు గానీ, లైసెన్సుకు గానీ ఫీజు తీసుకోకూడదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది.

జీవో నంబర్ 1 కథ

ఇటీవలి చరిత్రలో మన రాష్ట్రంలో దీనిమీద పెద్ద వివాదమే నడిచింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, గుంటూరులో సంక్రాంతి కానుకల పంపిణీలో మళ్లీ తొక్కిసలాట జరిగి ముగ్గురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. మర్నాడే, అంటే జనవరి 2న, ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారులపై సభలకు అనుమతి ఇవ్వొద్దని, మున్సిపల్, పంచాయతీ రోడ్ల విషయంలోనూ దూరంగా వేరే స్థలాలు చూడాలని, అరుదైన సందర్భాల్లోనే కారణాలు రాసి అనుమతించాలని దాని సారాంశం.

ప్రతిపక్షాలు హైకోర్టుకు వెళ్లాయి. జనవరి 12న జీవో అమలు తాత్కాలికంగా ఆగింది. చివరికి 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. 11 ప్రాణాలు పోయిన మాట నిజం, గుంపును అదుపు చేయాల్సిన బాధ్యతా నిజమే. అలాగని నియంత్రించే అధికారాన్ని నిషేధించే అధికారంగా మార్చుకోవడం కుదరదు. ఇంటర్వ్యూలో శాంతిభద్రతల మీద ప్రశ్న వస్తే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మీకు దొరకదు. ఏ పార్టీ పేరూ ఎత్తకుండానే చెప్పొచ్చు.

హక్కుకు రెండో వైపు కూడా ఉంది. షాహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదని, నిరసనలు కేటాయించిన స్థలాల్లో జరగాలని చెప్పింది. విజయవాడలో అలంకార్ సెంటర్ ధర్నాచౌక్, హైదరాబాద్‌లో ఇందిరాపార్కు ధర్నాచౌక్ అలాంటి చోట్లే.

మీరే నిర్వాహకులైతే

దరఖాస్తు తెల్లకాగితం మీద రాసినా సరిపోతుంది. ఎందుకు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, సుమారు ఎంతమంది, ఎన్ని బండ్లు, మైకు ఉందా, బాధ్యులెవరు, వాళ్ల ఫోన్ నంబర్లు.. ఇవన్నీ అందులో ఉండాలి. ఎన్టీఆర్ జిల్లా మొత్తం విజయవాడ కేంద్రంగా ఉన్న పోలీసు కమిషనరేట్ పరిధిలోకి వస్తుంది. కాబట్టి ముందు స్థానిక స్టేషన్‌లో ఇచ్చి, అనుమతి ఏ స్థాయి అధికారి ఇస్తారో అక్కడే అడగండి. సభ మైదానంలోనైతే ఆ స్థలం ఎవరిదో వాళ్ల అంగీకారపత్రం జత చేయాలి. మున్సిపాలిటీదైతే వాళ్ల దగ్గర, పంచాయతీదైతే పంచాయతీ దగ్గర తీసుకోవాలి. మైకుకు విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు.

కనీసం వారం ముందు ఇవ్వండి. ముందురోజు సాయంత్రం ఇచ్చి ‘పర్మిషన్ ఇవ్వలేదు’ అంటే కోర్టు కూడా మిమ్మల్నే అడుగుతుంది. రెండో కాపీ మీద తేదీ, స్టాంపుతో రసీదు తీసుకోవడం మరచిపోవద్దు. ‘ఇచ్చాంలే, ఎస్సై గారు సరేనన్నారు’ అనే నోటిమాట రేపు ఎక్కడా చెల్లదు. నిరాకరిస్తే కారణం రాతలో అడగండి. హైకోర్టుకు వెళ్లాలన్నా ఆ కాగితమే ఆధారం.

తిరువూరు వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఊళ్లోంచి వెళ్లే ప్రధాన రహదారి 30వ నంబరు జాతీయ రహదారి. అక్కడ ‘ఐదు నిమిషాలు రాస్తారోకో’ అంటే మామూలు వీధిలో కూర్చున్నట్టు కాదు. హైవేను ప్రయాణానికి వీల్లేకుండా పాడుచేస్తే జాతీయ రహదారుల చట్టం కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆర్టీసీ బస్సు అద్దం మీద రాయి పడితే ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం వస్తుంది. రాయి మీరు వేయకపోయినా, వీడియోలో మీ ముఖం ఉంటే మీరూ సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు.

కేసు పెడితే ఏమవుతుంది?

2024 జులై 1 నుంచి పాత సెక్షన్ 144 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 163 వచ్చింది. ఆ ఉత్తర్వును ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223. సాధారణంగా దీనికి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2,500 వరకు జరిమానా, లేదా రెండూ. ఐదుగురు, అంతకు మించిన గుంపు చట్టవిరుద్ధ సమావేశం అనిపించుకుంటే సెక్షన్ 189.

శిక్ష చిన్నదే, చిక్కు మరోచోట ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారం ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉంచారా, బైండోవర్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా, కేసు పెండింగులో ఉందా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగుతారు. ‘ఫైన్ కట్టేస్తే అయిపోద్దిరా’ అని కోర్టు వరండాలో ఎవరో చెబుతారు. మీరు నేరం ఒప్పుకుని నాలుగు వందలో ఐదు వందలో కట్టేసి ఇంటికొస్తారు. ఆ రోజుతో కేసు అయిపోయిన మాట నిజమే, కానీ అది శిక్ష పడి అయిపోయింది. ఒప్పుకునే ముందు లాయర్‌తో మాట్లాడండి. డబ్బుల్లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేదు. హెల్ప్‌లైన్ నంబరు 15100.

సరే, కేసు పడిందనుకోండి. ఉద్యోగం పోయినట్టేనా? కాదు. 2016 జులైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ చిక్కుముడి విప్పింది. చిన్నవయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసును ఉదాహరణగా తీసుకుని, దాన్ని దాచినా నియామక సంస్థ తన విచక్షణతో ఆ పొరపాటును మన్నించవచ్చని చెప్పింది. స్వల్ప కేసు పెండింగులో ఉందని నిజాయతీగా రాస్తే, దాని తుది ఫలితానికి లోబడి నియామకం ఇవ్వొచ్చంది. కానీ చాలా కేసులు పెండింగులో ఉండి దాచితే మాత్రం ఆ దాచడమే పెద్ద విషయమవుతుంది. గమనించండి, ‘మన్నించవచ్చు’ అన్నారు గానీ ‘మన్నించాలి’ అనలేదు. అందుకే దాచే ఆలోచన వద్దు. పోలీస్ కొలువులకు దరఖాస్తు చేసేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. అక్కడ పరిశీలన గట్టిగా ఉంటుంది.

పాస్‌పోర్టు సంగతి వేరు. ఉత్త ఎఫ్‌ఐఆర్ ఉంటే అడ్డంకి కాదని విదేశాంగ శాఖ 2019లో స్పష్టత ఇచ్చింది. కేసు కోర్టు విచారణకు తీసుకున్నాక మాత్రం అక్కడి నుంచి అనుమతి తెచ్చుకోవాలి.

స్టేషన్ నుంచి నోటీసు వస్తే ‘మనల్ని కాదులే’ అని మడిచి పెట్టేయకండి. సెక్షన్ 35(3) నోటీసు అంటే అరెస్టు చేయకుండా హాజరవమని పిలవడమే. వెళ్లకపోతే ఆ వెసులుబాటు పోయే ప్రమాదం ఉంది. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, సెక్షన్లు, కోర్టు పేరు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీ వెంటనే తీసుకుని, టెన్త్ మెమో ఉన్న ఫైల్లోనే పెట్టండి. మూడేళ్ల తర్వాత ఫారం నింపేటప్పుడు ఆ వివరాలే మళ్లీ రాయాలి.