కాలు బెణికిన నొప్పి తగ్గిందా? అసలు పని అప్పుడే మొదలు.. బ్యాలెన్స్ బోర్డ్ ఎందుకంటే

మన ఇళ్లలో ఎవరికైనా కాలు బెణికితే జరిగేది దాదాపు ఒకటే. ఒకరు ఐస్ పెట్టమంటారు, ఇంకొకరు పసుపు పట్టు వేయమంటారు, మరొకరు పహిల్వాన్ దగ్గర మాలిష్ చేయించమంటారు. పది రోజులకు వాపు దిగుతుంది. ‘మోచ్ పోయింది’ అనుకుని మళ్లీ పనిలో పడిపోతాం.

నేనూ అదే చేశాను. రెండేళ్ల క్రితం బండి దిగుతుంటే కుడి పాదం గుంతలో పడి లోపలికి మడతపడింది. ఒక క్లినిక్‌కి వెళ్తే ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉందన్నారు. గోలీలు రాసి, క్రేప్ బ్యాండేజ్ కట్టి పంపించారు. ఎక్సర్‌సైజ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఐదు నెలలకు ఇంట్లో మెట్లు దిగుతుంటే అదే కాలు మళ్లీ బెణికింది. అక్కడ గుంత లేదు, నీళ్లు లేవు, కరెంటు కూడా ఉంది. అయినా కాలు పట్టు తప్పింది.

ఈసారి వాపు తగ్గాక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆమె ముందు ఎడమ కాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నారు. ఎలాగోలా 20 సెకన్లు నిలబడ్డాను. కుడి కాలి మీద నాలుగు సెకన్లకే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

‘‘నొప్పి ఉందా?’’ అని అడిగారు. లేదన్నాను. ‘‘మరి ఎందుకు పడిపోతున్నారు?’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు ఒక గుండ్రటి చెక్క పలక తెచ్చి ముందు పెట్టారు. దాని కింద సగానికి కోసిన బంతి లాంటి బుడిపె ఉంది. అదే బ్యాలెన్స్ బోర్డ్. నేను బీకామ్ చదివినవాణ్ని, ముందు లెక్కే గుర్తొచ్చింది. సిట్టింగ్‌కి 300 రూపాయలు ఇచ్చి చెక్క మీద నిలబడాలా అనుకున్నాను. దీని వెనక ఉన్న సంగతి తెలిశాక ఆ లెక్క మారింది.

కాలికీ ఒక కన్ను ఉంటుంది

మనం కింద పడకుండా నిలబడటానికి మూడు చోట్ల నుంచి మెదడుకు సమాచారం వెళ్తుంది. ఒకటి కళ్లు. రెండోది లోపలి చెవి. మూడోది కండరాలు, స్నాయువులు, కీళ్ల చుట్టూ ఉండే సూక్ష్మమైన నరాల కొసలు. పాదం ఎంత వంగింది, ఎటు వాలింది అనేది ఈ మూడోది చూడకుండానే చెబుతుంది. చీకట్లో కూడా మెట్టు మీద కాలు సరిగ్గా వేయగలిగేది దీనివల్లే. వైద్యులు దీన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు.

చీలమండ బెణికినప్పుడు ఎక్కువగా బయటి వైపు ఉండే లిగమెంట్లు సాగుతాయి, లేదా కొంత తెగుతాయి. దాంతోపాటు ఈ సమాచార వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. పాదం లోపలికి మడతపడబోతుంటే పిక్కకు బయటి వైపున్న కండరాలు వెంటనే లాగి పట్టుకోవాలి. ఆ లాగడం కాస్త ఆలస్యమైనా కాలు మళ్లీ బెణుకుతుంది. గోలీ నొప్పిని తగ్గిస్తుంది గానీ ఈ ఆలస్యాన్ని సరిచేయదు.

ఈ మాట కొత్తది కాదు. బ్రిటన్‌కు చెందిన ఫ్రీమన్ అనే వైద్యుడు 1965లోనే దీని మీద రాశారు. బెణికిన తర్వాత కాలు పదే పదే పట్టు తప్పడానికి కీలు నుంచి వెళ్లే నరాల సమాచారం దెబ్బతినడం కారణమని ఆయన అన్నారు. కదిలే పలకల మీద సాధన చేయిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుందని చూపించారు. ఆయన చెప్పిన కారణం మీద తర్వాత చాలా చర్చ జరిగింది. ఆ సాధన మాత్రం ఇప్పటికీ ఫిజియోథెరపీలో కొనసాగుతోంది.

బోర్డ్ చేసే పని

బోర్డ్ మీద నిలబడితే అది నిమిషానికి ఎన్నోసార్లు ఏదో ఒక పక్కకు వాలుతుంది. వాలిన ప్రతిసారీ పాదం నుంచి మెదడుకు కబురు వెళ్తుంది, మెదడు కండరాన్ని లాగమంటుంది. కాలు బెణికే పరిస్థితి చిన్న స్థాయిలో, భద్రంగా మళ్లీ మళ్లీ వస్తుందన్నమాట. అలా కొన్ని వారాలు చేస్తే స్పందన మెరుగవుతుంది.

బోర్డులు ముఖ్యంగా రెండు రకాలు. రాకర్ బోర్డ్ ముందుకు వెనక్కి గానీ, పక్కలకు గానీ ఒకే దారిలో ఊగుతుంది. వాబుల్ బోర్డ్ అన్ని వైపులకూ తిరుగుతుంది కాబట్టి కష్టం ఎక్కువ. అందుకే సాధారణంగా రాకర్‌తోనే మొదలుపెడతారు.

నాతో చేయించిన వరుస ఇది. మొదట కుర్చీలో కూర్చుని, పాదం బోర్డ్ మీద పెట్టి మెల్లగా అటూ ఇటూ వంచడం. తర్వాత నేల మీదే ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం. ఆ తర్వాత గోడ పక్కన, చేతికి ఆసరా ఉంచుకుని రెండు కాళ్లతో రాకర్ బోర్డ్ ఎక్కడం. అది కుదిరాక వాబుల్ బోర్డ్, చివరికి దాని మీద ఒంటికాలు. ఒక మెట్టు తేలికగా వచ్చాకే తర్వాతి మెట్టు.

నిజంగా ఫలితం ఉంటుందా?

నెదర్లాండ్స్‌లో చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారుల మీద చేసిన అధ్యయనం 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగం మందికి మామూలు చికిత్సతో పాటు ఇంట్లో చేసుకునే బ్యాలెన్స్ సాధన ఇచ్చారు. వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు. ఏడాదిలో మళ్లీ కాలు బెణికినవాళ్లు సాధన చేసిన గుంపులో 22 శాతం, చేయని గుంపులో 33 శాతం. అంటే ప్రమాదం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

రెండో వైపు కూడా చెప్పాలి. అదే దేశంలో వాలీబాల్ ఆటగాళ్ల మీద 2004లో వచ్చిన మరో అధ్యయనంలో, పాత బెణుకు ఉన్నవాళ్లకు బోర్డ్ మేలు చేసింది. కానీ ముందే మోకాలి గాయం ఉన్నవాళ్లలో మోకాలి సమస్యలు పెరిగాయి. అందుకే మోకాలి ఇబ్బంది ఉంటే ముందే ఫిజియోథెరపిస్ట్‌కి చెప్పండి.

వీళ్లు సొంతంగా ఎక్కొద్దు

బోర్డులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులభంగా దొరుకుతున్నాయి. కొనడం తప్పు కాదు, సలహా లేకుండా ఎక్కడమే తప్పు. కాలు బెణికాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ముందు ఎక్స్‌రే కావాలి. కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు పక్కన నిపుణులు ఉంటేనే చేయాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. దెబ్బ తగిలినా వాళ్లకు తెలియకపోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల సంగతి వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కింద పడటం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. చనిపోయేవాళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. అలాగని అమ్మీకో నానీకో బోర్డ్ కొనివ్వడం పరిష్కారం కాదు. న్యూజిలాండ్‌లో పెద్దవాళ్ల కోసం తయారైన ఒటాగో పద్ధతిలో బోర్డే ఉండదు. కాళ్లకు బలం ఇచ్చే వ్యాయామాలు, ఆసరా పట్టుకుని చేసే బ్యాలెన్స్ సాధన, నడక ఉంటాయి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకి లేపడం లాంటివి. వాళ్లకు మొదలు అక్కడి నుంచే.

వుజూ చేసేటప్పుడు చాలామంది ఒక కాలు ఎత్తి వాష్‌బేసిన్‌లో పెట్టి కడుక్కుంటారు. కింద తడి నేల, ఒంటికాలి మీద మొత్తం బరువు. కాలు బెణికినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు కూర్చుని కడుక్కోవడం మంచిది. ఎనిమిది వారాల పాటు నేనూ అలాగే కూర్చున్నాను.

ఇక నా లెక్క. ఆరు సిట్టింగులకు 1,800 రూపాయలు అయ్యాయి, మిగతాదంతా ఇంట్లోనే చేసుకున్నాను. రెండోసారి బెణికినప్పుడు ఎక్స్‌రే, మందులు, ఆటో ఖర్చు, తొమ్మిది రోజుల సెలవు కలిపితే అంతకు మూడింతలు దాటింది. మొదటిసారే ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే ఆ ఖర్చు మిగిలేదేమో. మీ ఇంట్లో ఎవరికైనా కాలు బెణికితే డాక్టర్‌ని ఈ ఒక్క మాట అడగండి: ‘‘నొప్పి తగ్గాక బ్యాలెన్స్ ఎక్సర్‌సైజ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?’’