550 ఏనుగులను ఎవరు లెక్కపెట్టారు?

షార్ట్స్ చూసి చరిత్ర నేర్చుకోవచ్చా? కొత్తచెరువులో మా చెల్లి అడిగిన ఒక ప్రశ్న నన్ను పెనుకొండ నుంచి పోరుమామిళ్ళ దాకా తిప్పింది.

శనివారం రాత్రి బెంగళూరు నుంచి ఊరికి వచ్చి భోజనానికి కూర్చున్నా. తొమ్మిదో తరగతి చదివే మా చిన్నమ్మ కూతురు ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. నలభై సెకన్ల షార్ట్ అది. ఏఐతో చేసిన బొమ్మలు, దడదడలాడే మ్యూజిక్. తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది, రాత్రికి రాత్రి 550 ఏనుగుల మీద బంగారం, వజ్రాలు వేసుకుని పెనుకొండకు వచ్చేశారు, ఆ నిధి ఇంకా కొండ కిందే ఉంది... ఇదీ కథ.

"బాగుంది కదా!" అన్నా.

"బాగుంది గానీ అన్నా, రాత్రిపూట, అంత గలాటాలో 550 ఏనుగులు అని ఎవరు లెక్కపెట్టినారు?"

ముద్ద నోట్లోనే ఆగిపోయింది. ఆఫీసులో ఎవరైనా ఒక నంబర్ చెబితే "డేటా ఎక్కడిది?" అని మొదట అడిగేది నేనే. పెనుకొండ కోట కింద నుంచి వందసార్లు బస్సులో వెళ్ళి ఉంటా. ఈ ప్రశ్న మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఏనుగుల జాడ దొరికింది

భోజనం అయ్యాక ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం. వీడియో కింద రిఫరెన్స్ ఏమీ లేదు. అదే కథతో ఇంకో పది షార్ట్స్ ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి చేసినవే, వాటిలోనూ ఆధారం లేదు.

ఇక్కడ ఒక చిన్న టెక్నిక్ పనికొచ్చింది. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక ప్రయోగం చేశారు. పది మంది చరిత్రలో డాక్టరేట్ ఉన్నవాళ్ళు, పది మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది విద్యార్థులు ఇంటర్నెట్‌లో ఒక సమాచారాన్ని ఎలా పరీక్షిస్తారో గమనించారు. చరిత్రకారుల్లో, విద్యార్థుల్లో చాలామంది ఆ పేజీలోనే కిందికీ పైకీ తిరిగారు, మోసపోయారు కూడా. ఫ్యాక్ట్ చెకర్లు వెంటనే వేరే ట్యాబ్‌లు తెరిచి, ఈ మాట చెబుతున్నది ఎవరో బయట ఆరా తీశారు. తక్కువ టైమ్‌లో సరైన జవాబు వాళ్ళకే దొరికింది.

మేమూ యాప్ వదిలేసి బయట వెతికాం. రాబర్ట్ సీవెల్ రాసిన 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' దొరికింది. గుటెన్‌బర్గ్ సైట్‌లో ఫ్రీగా చదవొచ్చు. అందులో 'ఎలిఫెంట్స్' అని సెర్చ్ చేస్తే ఉన్నాయి మన 550 ఏనుగులు! బంగారం, వజ్రాలు, పెనుకొండ దారి, అన్నీ ఉన్నాయి. "అయితే నిజమే!" అని మా చెల్లి ఎగిరింది.

ఆ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూడమన్నా. 1900. యుద్ధం జరిగింది 1565 జనవరిలో. మధ్యలో 335 ఏళ్ళు. విజయనగరాన్ని కళ్ళారా చూసిన పోర్చుగీసు వాళ్ళు పేస్, న్యూనిజ్ రాతలను సీవెల్ అదే పుస్తకంలో ఇంగ్లీషులోకి తెచ్చాడు. కానీ వాళ్ళిద్దరూ యుద్ధానికి సుమారు 30, 40 ఏళ్ళ ముందువాళ్ళు. ఈ ఏనుగులను వాళ్ళు చూసే వీలే లేదు.

అలాగని కథంతా అబద్ధం కాదు. రామరాయలు యుద్ధంలో చనిపోవడం, ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకుని ఖజానాతో పెనుకొండ చేరడం, తర్వాత పెనుకొండ రాజధాని కావడం చరిత్రలో ఉన్నవే. 550 అనే అంకెను మాత్రం "సీవెల్ ఇలా రాశాడు" అని చెప్పాలి. 'నిధి ఇంకా కొండ కిందే ఉంది' అన్న మాటకు ఆ పుస్తకంలో ఆధారం ఏమీ లేదు. అది వ్యూస్ కోసం అతికించిన తోక.

రాయి మీద చెక్కిన లెక్క

"మరి నమ్మదగిన లెక్క ఎట్ల ఉంటాది అన్నా?" అంది.

దానికి మంచి ఉదాహరణ పక్క జిల్లాలోనే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి, ఆ వివరాలన్నీ సంస్కృతంలో రెండు రాతిపలకల మీద చెక్కించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని. చెరువు కట్టినవాళ్ళే, కట్టిన కాలంలోనే చెక్కించిన లెక్క ఇది. రాజు గొప్పకోసం కొంచెం పెంచి ఉండొచ్చు కూడా. అయినా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో మనకు తెలుసు.

అదే శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలు ఉన్నాయి. నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, దగ్గర్లో రాయి దొరికే చోటు, పని తెలిసిన కూలీలు, ఇలా. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం! ఇప్పటి నీళ్ళ పంచాయితీలు చూసేవాళ్ళకు దీని అర్థం విడమరిచి చెప్పాలా?

550 ఏనుగుల మీద బోలెడు షార్ట్స్ ఉన్నాయి. ఆ వెయ్యి మంది కూలీల మీద ఆ రాత్రి మేం వెతికితే ఒక్కటీ కనిపించలేదు. "అయితే మనమే చేద్దాం" అంది మా చెల్లి.

అవ్వ చెప్పిన మాట

మొదటి వీడియో నేను చేశా. ఫ్లాప్! ఏడు నిమిషాలు, నా మొహం, నా ఉపన్యాసం. ఎడ్‌ఎక్స్ కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించి 2014లో వచ్చిన ఒక అధ్యయనం, ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం ఎక్కువగా చూస్తారని తేల్చింది. నాది మా అమ్మ కూడా చివరిదాకా చూడలేదు. యూట్యూబ్ 2024 అక్టోబర్ నుంచి షార్ట్స్‌కు మూడు నిమిషాల దాకా అవకాశం ఇచ్చింది. ఒక ఊరి చెరువు గురించి ఒక ముక్క చెప్పడానికి అది చాలు.

రెండోసారి మా అవ్వను బుక్కపట్నం చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాం. బుక్కరాయల పేరు మోస్తున్న ఊరు, మా ఊరి పక్కనే. కట్ట, తూము, మరువ, ఆయకట్టు... ఒక్కోటి చేత్తో చూపిస్తూ అవ్వ గలగలా చెప్పుకుపోయింది. తూము ఎత్తి ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసుకునే నీరుగంటి గురించి కూడా చెప్పింది.

"ఆయప్ప చేయి పడందే ఎవరి మడీ తడిసేది కాదు. అయినా ఆయప్పను మన గడప తొక్కనిచ్చేవాళ్ళం కాదు నాయనా. నీళ్ళు అడిగినా పైనుంచే దోసిట్లో పోసేవాళ్ళం."

నేను ఫోన్ దించేశా. మా చెల్లి మాత్రం రికార్డింగ్ ఆపలేదు.

ఇంట్లో వీడియో చూపిస్తే చిన్న గొడవే అయింది. "మన ఇంటి పేరు బజారున పెడతారా? ఆ ముక్క తీసేయండి" అన్నారు పెద్దవాళ్ళు. నేను కూడా ఊగిసలాడా. మా చెల్లి సోషల్ పుస్తకం తెచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగ అధికరణం ఏది? జవాబు: 17. "ఇది మాకు ఒక మార్కు బిట్టు అన్నా. అవ్వ చెప్పేదాకా అది మన గడప గురించి అని నాకు తెలీదు" అంది.

చివరికి అవ్వే తేల్చేసింది. "చేసిందే కదా చెప్పినా. ఉండనీలే."

ఉంచాం. వ్యూస్ మూడొందల చిల్లర. కానీ వాళ్ళ క్లాసులో నలుగురు పిల్లలు ఇంటికెళ్ళి తమ అవ్వాతాతలను ఇవే ప్రశ్నలు అడిగారట. నాకు అది చాలు.

కెమెరా ఎవరి చేతిలో?

వీడియో పాఠాలు మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పుడు తీసేవాళ్ళు ఎక్కడో, చూసేవాళ్ళు ఎక్కడో.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఇది తిరగబడింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్ళలో బడి మొహం చూడనివాళ్ళూ ఉన్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి వాళ్ళు తీసిన సినిమాలు విదేశాల దాకా వెళ్ళాయి. కళ్ళకు సమానమైన ఎత్తులో కెమెరా పెట్టి తీసే షాట్‌కు వాళ్ళు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానం కాబట్టి! అవ్వను తీసేటప్పుడు మా చెల్లి కూడా నేల మీద కూర్చుంది. ఈ సంగతి నేను చెప్పకముందే.

మీరూ తీస్తారా? చూస్తారా?

తీసేవాళ్ళకు ఒక ముఖ్యమైన జాగ్రత్త. బాల్యవివాహం లాంటి విషయాల మీద వీడియో చేసేటప్పుడు ఆ పిల్ల మొహం, పేరు, ఊరు, బడి ఏవీ చూపించకండి. బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆమె కథ వైరల్ చేసేకన్నా 1098కి ఫోన్ చేయడం ఆమెకు ఎక్కువ మేలు.

చూసేవాళ్ళకూ ఒక మాట. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్ళకు వారం తర్వాత 40 శాతమే గుర్తుంది. చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు చేసుకున్నవాళ్ళకు 61 శాతం గుర్తుంది. కాబట్టి ఒక మంచి షార్ట్ చూశాక వెంటనే పైకి స్వైప్ చేయకండి. ఫోన్ బోర్లా పెట్టి, ఏం విన్నారో పక్కనున్నవాళ్ళకు మీ మాటల్లో చెప్పండి. తర్వాత మా చెల్లి ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరు లెక్కపెట్టారు?

ఇప్పుడు మా వీడియోల డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్ ఎప్పుడూ ఒకటే. 'ఈ మాట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు' అని. పోరుమామిళ్ళ వీడియో కింద శాసనం, 1369 అని రాసింది. చెరువు కట్ట వీడియో కింద ఏం రాయాలని అడిగితే నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే టైప్ చేసింది: 'మా అవ్వ. కళ్ళారా చూసింది.'