లాకప్ మరణాల మీద పరిశోధన: డబ్బెవరు పెట్టాలి?

స్టేషన్లో ఎవరో చనిపోయారన్న వార్త పేపర్లో వచ్చిన రోజు బనగానపల్లె బస్టాండు దగ్గర టీ అంగట్లో వినబడే మాటలు ఎప్పుడూ దాదాపు అవే. వాటిలో కొన్నిటిని తీసుకుని చూద్దాం.

అపోహ: “పోస్టుమార్టం చేసినారు గదా, ఒంటి మీద దెబ్బే లేదంట.”

దెబ్బ కనబడకపోవడం వేరు, తగలకపోవడం వేరు. అరికాలి చర్మం మందం. అక్కడ లాఠీతో కొడితే కమిలిన రంగు పైకి తేలకపోవచ్చు. కోసి చూస్తేనే లోపల గడ్డకట్టిన నెత్తురు బయటపడుతుంది. తొడల మీద, పిరుదుల మీద గట్టిగా బాదితే కండరాలు చితికి, వాటిలోని పదార్థాలు నెత్తుట్లో కలిసి కిడ్నీలను పాడుచేస్తాయి. అలాంటి మనిషి ఇంటికొచ్చి రెండు మూడు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోవచ్చు. కాగితం మీద ‘కిడ్నీలు ఫెయిల్’ అని మాత్రమే పడుతుంది. ఇది తెలిసే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995లో ఇలాంటి పోస్టుమార్టాలను వీడియో తీయమంది, 1997లో నమూనా ఫారం పంపింది. ఫారం నింపాలంటే తీరిక ఉన్న ఫోరెన్సిక్ డాక్టరు కావాలి, కండ ముక్కను మైక్రోస్కోపు కింద చూసే ల్యాబు కావాలి. ఖర్చు ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: “కూర్చున్నోడు కిటికీ ఊచకు ఉరేసుకుంటాడా? చంపి ఏలాడదీసినారు.”

ఇది పోలీసులను అనుమానించే వైపు నుంచి వచ్చే అపోహ. మెడలోని రక్తనాళాలు మూసుకుపోవడానికి ఒంటి బరువంతా పడనక్కర్లేదు. కాళ్ళు నేలకు ఆనుతున్నా ఉరి బిగుస్తుంది. అలాగని “తనే ఉరేసుకున్నాడు, మాకేం సంబంధం” అన్నా చెల్లదు. ఒడిశాలో ఓ కుర్రాడి శవం రైలు పట్టాల మీద దొరికితే, తప్పించుకుపోయి రైలు కింద పడ్డాడని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1993లో, నీలబతి బెహరా కేసులో, తల్లికి లక్షన్నర పరిహారం ఇప్పించింది.

ఇంగ్లండు, వేల్స్‌లో 1998-99 నుంచి 2008-09 దాకా పోలీసు కస్టడీలో జరిగిన 333 మరణాలను అక్కడి పోలీసు ఫిర్యాదుల కమిషన్ ఒక్కొక్కటిగా చదివింది. ఏడాదికి 49 ఉన్న మరణాలు ఆ కాలంలో 15కు తగ్గాయి. ఉరి మరణాలు తగ్గడానికి, సెల్లులో తాడు కట్టేందుకు వీలుండే చోట్లు తీసేయడం ఒక కారణం కావచ్చు. పరిశోధన డబ్బు దండగ అనేవాళ్ళు ఈ సంగతి చూడాలి. సెల్లులో మరణాలు తగ్గితే సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ ఉద్యోగమూ నిలబడుతుంది.

అపోహ: “లెక్కలన్నీ గవర్నమెంటు కాడ ఉంటాయిలే.”

లెక్కలున్నాయి. ఒకదానికొకటి పొసగవు, అంతే. 2021-22లో పోలీసు కస్టడీ మరణాలు 175 అని మానవ హక్కుల కమిషన్ లెక్క. 2021కి 88 అని నేర రికార్డుల బ్యూరో లెక్క. ఒకటి ఆర్థిక సంవత్సరం, ఇంకొకటి క్యాలెండరు సంవత్సరం. అయినా అంత తేడా నెలల వల్ల మాత్రమే వచ్చిందంటే నమ్మడం కష్టం. 2020 నవంబరులో నంద్యాల కుటుంబం ఒకటి, నలుగురూ, దొంగతనం కేసులో పోలీసులు వేధించారని వీడియోలో చెప్పి పాణ్యం దగ్గర రైలు కింద పడ్డారు. చనిపోయేనాటికి వాళ్ళు కస్టడీలో లేరు కాబట్టి ఆ నలుగురు ఏ కస్టడీ లెక్కకూ రారు.

ఆస్ట్రేలియాలో 1987లో వేసిన రాయల్ కమిషన్ 99 మంది ఆదివాసుల మరణాలు చదివి, ఎవరూ అనుకోని మాట చెప్పింది. కస్టడీలోకి వచ్చాక ఆదివాసులు మిగతావారికంటే ఎక్కువ శాతం చనిపోవడం లేదు, వాళ్ళను అరెస్టు చేయడమే విపరీతంగా ఎక్కువ. 1992 నుంచి అక్కడ ప్రభుత్వ ఖర్చుతోనే ఏటా ఈ లెక్క తీస్తున్నారు.

అపోహ: “ఆర్డీవో ఎంక్వైరీ వేసినారు, ఇంగేం?”

2006 జూన్ నుంచి ఇలాంటి మరణాల మీద జుడీషియల్ మెజిస్ట్రేటు విచారణ జరగాలని చట్టం. కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ 196వ సెక్షన్‌గా అది ఉంది. విచారణతో కథ ముగియదు. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో పోలీసు దెబ్బలకు ఒకరు చనిపోయిన ఘటనలో జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుబట్టింది. కేసు రాయచూరు కోర్టుకు మారింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2001 నుంచి 2020 దాకా దేశంలో 1,888 కస్టడీ మరణాలు నమోదైతే శిక్షపడ్డ పోలీసులు 26 మంది.

అపోహ: “ఇదంతా ఫారిన్ డబ్బుల యవ్వారం.”

మానవ హక్కుల పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ పరిశోధనను కమిషన్ విధుల్లోనే రాసిపెట్టింది. రాష్ట్ర కమిషన్‌కూ అది వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2021లో కర్నూలులోనే ఆఫీసు తెరిచింది. పోలీసు సంస్కరణల మీద పనిచేసే కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్‌కు విదేశీ విరాళాల అనుమతి 2022లో రద్దయింది. ఊళ్ళు తిరిగే నిజనిర్ధారణ బృందాలు చాలావరకు చందాలతోనే నడుస్తాయి. విదేశీ డబ్బు వద్దంటే సరే, స్వదేశీ డబ్బు పెట్టాలి కదా.

అది పెద్ద మొత్తమేం కాదు. ఎండీ చదివే ప్రతి విద్యార్థీ ఎలాగూ థీసిస్ రాయాలి. కర్నూలు మెడికల్ కాలేజీ విద్యార్థి ఒకరికి సీమ జిల్లాల మెజిస్ట్రేటు నివేదికలు, పోస్టుమార్టం ఫారాలు పేర్లు కొట్టేసి చదవనిస్తే చాలు. స్టైపెండు ప్రభుత్వం ఇస్తూనే ఉంది. పైన కావలసింది ల్యాబు పరీక్షల ఖర్చు, ఫైళ్ళు చూపించమని ఒక ఉత్తర్వు.