ఊరు పేరు లేని చిరునామా



బిడ్డను సైన్యమునకు పంపిన యింట, దేవుని గూటిలోనో గోడమేకుననో, ఒక కాగితపు ముక్క భద్రముగా నుండును. దానిమీద ఒక సంఖ్య, హోదా, పేరు, పటాలము పేరు, చివర “56 ఏ.పీ.ఓ.” అను మాట యుండును. ఊరుండదు; దేశముండదు. నేను 2001వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి శాంతిదళములోని భారత పటాలముతో దక్షిణ లెబనానుకు పోవునప్పుడు మా యమ్మ ఆ కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి, “ఊరు లేని జాబు నిన్నెట్లు చేరునురా, నాయనా?” అని యడిగినది. ఆనాడు తొందరలో సరిగా చెప్పలేకపోయితిని. నేడు చెప్పుటకు యత్నించెదను.

మామూలు చిరునామా స్థలమును తెలుపును. సైనికుని చిరునామా మనిషిని తెలుపును. దీనికి రెండు కారణములు కలవు. పటాలము ఒకచోట నిలుకడగా నుండదు. అది కదలినప్పుడెల్ల వేలకొలది కుటుంబములకు క్రొత్త చిరునామా తెలుపుట సాధ్యము కాదు. మరియు ఏ పటాలము ఎక్కడ నున్నదో కవరు చూచిన ప్రతివానికిని తెలియరాదు. కావున 56 ఏ.పీ.ఓ. అని వ్రాసిన జాబులు ఢిల్లీలోని సైనిక తపాలా కేంద్రమునకును, 99 ఏ.పీ.ఓ. అని వ్రాసినవి కలకత్తాలోని కేంద్రమునకును పోవును. ఏ పటాలము ఎచ్చట నున్నదో అచ్చటివారికి తెలియును. వారు జాబులను వేరుచేసి, సంచులలో నుంచి, ముద్రవేసి పంపుదురు. సంచి దళముతోపాటు నడచు క్షేత్ర తపాలా కార్యాలయమునకు చేరును. అక్కడనుండి పోస్టు ఆర్డర్లీ తెచ్చి మాకు పంచును.

ఈ యేర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1856లో పారశీక దేశమునకు పోయిన సేనతోనే భారత క్షేత్ర తపాలా వెళ్లినది. 1914లో మన సిపాయిలు ఫ్రాన్సునకు పోయినప్పుడు చదువురానివారు తోటివారిచేత జాబులు వ్రాయించుకొనిరి; వాటిని తనిఖీ అధికారులు చదివిన పిమ్మటనే పంపిరి. 1941లో కైరోనుండి లండనుకు బ్రిటిషు సైనికుల జాబులను చిన్న ఫిలిముపై ఫొటోతీసి విమానమున పంపి, అక్కడ మరల కాగితముపై అచ్చువేసి అందించిరి. 50 పౌనుల బరువుండు 1,600 జాబులు ఆ విధమున 5 ఔన్సులకు దిగినవి. యుద్ధకాలమున విమానములో చోటెంత విలువైనదో యోచింపుడు. ఆ చోటులో జాబులకు భాగమిచ్చిరి.

ఇక పొట్లముల సంగతి. హెర్మోను పర్వతముమీద మంచు కనబడు చలికాలమున మా యమ్మ నాకు గాజుసీసాలో ఆవకాయ పంపినది. దారిలో సీసా పగిలినది. నూనె సంచియంతయు ప్రాకినది. నాతోడి విజయనగరపు కుర్రవానికి ఆ సంచిలోనే భార్య వ్రాసిన జాబు వచ్చినది. కాన్పు తరువాత ఆమె వ్రాసిన మొదటి జాబది. సిరా అంతయు అలుముకొని పోయినది. “బిడ్డ క్షేమము” అను మాటలు మాత్రము మిగిలినవి. ఆడబిడ్డయో మగబిడ్డయో తెలియలేదు. టెలిఫోనులో మాటాడుటకు అతని వంతు వచ్చునప్పటికి ఎనిమిది దినములు పట్టినది. ఆ యెనిమిది దినములు అతడు నన్నొక్క మాట యనలేదు. నేనే అతని మొగము చూడలేకపోయితిని. ఆడబిడ్డ యని తెలిసిన దినమున నాయొద్దకు వచ్చి, “అన్నా, ఇకమీదట అమ్మను సున్నుండలు పంపమను” అని నవ్వినాడు.

అందుచేత నా మనవి యిది. సైనికునకు గాజుసీసా పంపకుడు. నూనె, నీరు కారునవి పంపకుడు. సున్నుండలు, జంతికలు, పొడులు రేకు డబ్బాలో నుంచి, పైన గట్టి గుడ్డ కుట్టుడు. చిరునామా గుడ్డమీదనేగాక, లోపల కాగితముమీదను వ్రాయుడు. గుడ్డమీది సిరా చెరిగినను లోపలిది నిలుచును. సంఖ్య, హోదా, పటాలము ఒక్క యక్షరము తప్పక వ్రాయుడు. మేలు చేయుచున్నామనుకొని దేశము పేరు చేర్చకుడు. జాబు సైనిక తపాలా విడిచి విదేశపు తపాలాలో పడవచ్చును.

ప్రతి జాబు మీదను వరుస సంఖ్య వేయుడు. జాబులు బయలుదేరిన వరుసలోనే చేరవు. “నాన్నకు జ్వరము తగ్గినది” అను జాబు ముందు చేరి, “నాన్నకు జ్వరము వచ్చినది” అనునది వెనుక చేరినయెడల, చదువువానికి జ్వరము తిరుగబెట్టినట్లే తోచును. సంఖ్యయున్నచో ఆ భయముండదు. కష్టవార్త వ్రాయవలసివచ్చినచో పూర్తిగా వ్రాయుడు. సగము దాచినచో, ఆ సగమును వాడు రాత్రి కాపలాలో తానే కల్పించుకొనును.

నేడు చేతిఫోనులు వచ్చినవి, జాబులు తగ్గినవి. అయినను ఫోను పలుకని చోట్లును, పలుకరాని వేళలును సైనికునకు కలవు. జేబులోని జాబు అప్పుడును పలుకును.

తిరిగివచ్చిన పిమ్మట మా యమ్మకు చెప్పితిని: “అమ్మా, నీ జాబు ఊరును వెదకుకొని రాలేదు, నన్ను వెదకుకొని వచ్చినది.” ఆమె యొక్క క్షణ మాలోచించి, “అయితే నీ నెంబరు తప్పు వ్రాయలేదన్నమాట” అన్నది.

సెలవు.