యంత్రానికి దుకాణం ఎలా కనిపిస్తుంది?

పూతరేకులు తిన్నవారికి కోనసీమలోని ఆత్రేయపురం పేరు కొత్తగా చెప్పనక్కర లేదు. బోర్లించి వేడిచేసిన కుండ మీద బియ్యపు జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే చాలు, పొరలాంటి రేకు ఏర్పడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఆ చుట్టుపక్కల ఒక ఊళ్లో, నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తల్లి ఇంట్లోనే పూతరేకులు చేసి అమ్ముతుంది. అమ్మాయి కాలేజీ ఫీజుకు ఆ డబ్బే ఆధారం. ఒకసారి సంక్రాంతికి ముందు నా మిత్రుణ్ణి ఆమె దగ్గరకు పంపాను. ఆయన ఫోనులో దుకాణం పేరు కొట్టి, అది చూపిన దారినే వెళ్లాడు. తీరా చూస్తే కాలువకు అవతలి గట్టు మీద, వరిచేల మధ్య ఉన్నాడు! అక్కడ కనిపించిన నంబరుకు ఫోను చేస్తే అది ఎప్పుడో తీసేసిన నంబరు. ఆయన వేరేచోట కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆమె చేసిన సరుకు ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమె రేకులో లోపం లేదు, నేతిలో లోపం లేదు. మరి తప్పెక్కడ జరిగింది? అది తెలియాలంటే ముందు వెతికే యంత్రం ఎలా పనిచేస్తుందో చూడాలి.

మీరు ఫోనులో ఒక మాట కొట్టగానే అది ప్రపంచమంతా తిరిగి వెతుకుతుందని అనుకుంటున్నారా? అంత సమయం దానికి ఎక్కడుంది! తిరగడం ముందే అయిపోయింది. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ఒక వెబ్ పేజీ నుంచి అందులోని లంకె పట్టుకుని మరో పేజీకి, అక్కడి నుంచి ఇంకో పేజీకి పాకుతూ పోతాయి. చదివినదంతా పట్టికగా రాసిపెడతాయి. కొన్ని పుస్తకాల చివర 'పదసూచిక' ఉంటుంది కదా! 'ఆమ్లము – 14, 37, 52' అని. యంత్రం పట్టిక కూడా అలాంటిదే. మీరు అడిగినప్పుడు అది పుస్తకం తిరగెయ్యదు, సూచిక చూస్తుందన్నమాట.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతోంది. ఎక్కడా రాయని మాటను సూచికలో వెతికి లాభం లేదు. మా పూతరేకులావిడ వివరాల్లో దుకాణం పేరు ఒక్కటే ఉంది. అది వాళ్ల అమ్మమ్మ పేరు. ముచ్చటైన పేరే, కాని అది విని లోపల పూతరేకులున్నాయని ఎవరనుకుంటారు? 'పూతరేకులు', 'బెల్లం', 'నెయ్యి', ఊరి పేరు, ఏ వేళల్లో అమ్ముతారు – ఇవేవీ లేవు. ఇంకో చిక్కుంది. పూతరేకులను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'పూ'కు ఒకరు 'యు' వేస్తారు, మరొకరు రెండు 'ఓ'లు వేస్తారు. 'త'కు కొందరు 'టి' మాత్రమే, కొందరు 'టి, హెచ్' వేస్తారు. పేపర్ స్వీట్ అనేవారూ ఉన్నారు. యంత్రం ఈ తేడాలను కొంతవరకు ఊహిస్తుంది. అయినా తెలుగులో ఒకసారి, వాడుకలో ఉన్న ఇంగ్లీషు రూపాల్లో ఒకసారి రాసిపెడితే పోయేదేముంది?

సరే, ఒకే మాట వెయ్యి పేజీల్లో ఉంటే ఏది ముందు చూపాలి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే పరిశోధక విద్యార్థులకు దీనికో ఉపాయం తోచింది. వాళ్లే 1998లో గూగుల్ సంస్థను స్థాపించారు. ఆ ఉపాయాన్ని మీ తరగతిలోనే ఆడి చూడవచ్చు.

లెక్కల్లో సందేహం వస్తే ఎవరిని అడుగుతారో ప్రతి ఒక్కరూ చీటీ మీద రాయండి. మొదట అందరికీ ఒక్కో మార్కు ఇవ్వండి. ప్రతి విద్యార్థీ తన మార్కును తాను రాసిన పేర్లకు సమానంగా పంచాలి. అందరికీ వచ్చినవి కూడండి. ఇప్పుడు ఆ కొత్త మార్కులను మళ్లీ అలాగే పంచండి. 8 మార్కులున్నవాడు ఇద్దరి పేర్లు రాస్తే చెరొకరికి 4 వస్తాయి. అర మార్కు ఉన్నవాడు ఒక్కడి పేరు రాస్తే ఆ అర మార్కే దక్కుతుంది. చూశారా! ఎంతమంది చెప్పారన్నది ఒక్కటే కాదు, ఎవరు చెప్పారన్నది కూడా లెక్కలోకి వచ్చింది. అసలు లెక్కలో మరో సవరణ ఉంది. మీ ఆటకు అది అక్కర లేదు. ఈనాడు గూగుల్ ఇంకా ఎన్నో అంశాలు చూస్తుంది, కాని ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లంకెను ఓటులా చూడడమే ఆ ఉపాయంలోని కీలకం.

ఊరి బడి పేజీయో, ఒక పత్రికో మీ దుకాణాన్ని ప్రస్తావించి లంకె ఇస్తే దానికి విలువ ఉంటుంది. డబ్బిచ్చి వంద లంకెలు కొనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. మేనమామ పిల్లలందరిచేతా ఐదేసి నక్షత్రాలు వేయించడమూ అలాంటి పనే. వినియోగదారుల సమీక్షలు నిజాయితీగా ఉండేందుకు మన దేశంలో 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణమే వచ్చింది. నిజంగా కొన్నవారిని 'నచ్చితే రెండు మాటలు రాయండి' అని అడగడంలో మాత్రం తప్పులేదు.

ఇక కాలువ సంగతి. పటంలో దుకాణాన్ని గుర్తించేది అక్షాంశ, రేఖాంశాలతో. ఒక డిగ్రీ అక్షాంశమంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. కనుక దశాంశ బిందువు తరువాత మూడో అంకె ఒకటి మారితే 111 మీటర్లు జరిగినట్టే. (రేఖాంశానికి మన ప్రాంతంలో ఇంకొంచెం తక్కువ. ఎందుకో మీ సాంఘిక శాస్త్రం మాస్టారిని అడగండి!) ఆమె దుకాణం గుర్తు 0.006 డిగ్రీలు ఉత్తరానికి పడింది. 111 × 0.006 = 0.666. అంటే దాదాపు 670 మీటర్లు. కాలువ దాటడానికి అది చాలు! బంధువుల కుర్రాడెవరో తన పొలం దగ్గర కూర్చుని నమోదు చేశాడట. ఫోను తానున్న చోటునే దుకాణమనుకుంది, పాపం.

అమ్మాయి ఒక ఆదివారం కూర్చుని అన్నీ సరిచేసింది. దుకాణం తమదేనని రుజువు చూపాల్సి వచ్చింది కాని, రుసుమేమీ లేదు. ఇంటి గుమ్మం దగ్గర నిలబడి గుర్తు పెట్టింది, నంబరు మార్చింది, పగటి వెలుగులో రేకు తీస్తున్న ఫొటో పెట్టింది.

మీ వీధిలోని సైకిలు షాపునో, కుట్టుమిషను దుకాణాన్నో తీసుకుని ఇలాగే పరీక్షించండి. గుమ్మం దగ్గర ఫోను చూపే అక్షాంశాన్ని, పటంలో దుకాణానికున్న అక్షాంశాన్ని రాసుకోండి. తేడాను 111తో గుణించి, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో ఆ దుకాణదారుకు చూపించండి. అందులో ఉన్న నంబరుకు అక్కడి నుంచే ఒకసారి ఫోను చేయండి, మోగుతుందో లేదో!