అడవి అంచు సేద్యం – వన్యప్రాణి ఆవాసాల రక్షణ

జనగామ పరిసరాల్లోని ఎర్రచల్కా నేలలు, పలుచని చెట్ల పొదలు దాటి తూర్పునకు సాగితే మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల్లో అడవి చిక్కబడుతుంది. ఉత్తరాన భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు, గోదావరి తీరం వరకూ అడవులు విస్తరించి ఉన్నాయి. ఈ ప్రాంతంలోని పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు 1950వ దశకం ఆరంభంలోనే రక్షిత ప్రాంతాలుగా ఏర్పడ్డాయి. పాకాల అభయారణ్య విస్తీర్ణం సుమారు 860 చదరపు కిలోమీటర్లు.

ఆవాసాల స్వరూపం

ఇది ఆకురాల్చే శుష్క అరణ్యం. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. వేసవిలో రాలే ఇప్పపూలు గిరిజన కుటుంబాలకు ఆదాయం. ఎలుగుబంట్లకు, దుప్పులకు అవే ఆహారం. గుట్టలలోని రాతి గుహలు ఎలుగులకు, చిరుతలకు ఆశ్రయం. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్ది తొలినాళ్లలో నిర్మించిన పాకాల చెరువు మొసళ్లకు, శీతాకాలపు వలస పక్షులకు ఆవాసం.

ఈ చెరువుకు నీరందించే పరీవాహకం అడవే. రాలిన ఆకుల పొర వాన తాకిడిని తగ్గించి, నీటిని నేలలోకి ఇంకిస్తుంది. వాగులలో ఒండ్రు తగ్గుతుంది. కనుక అడవి క్షీణిస్తే దిగువ ఆయకట్టులోని వరి రైతుకూ నష్టమే.

అంచున సంఘర్షణ

అసలు సమస్య అడవి అంచున ఉంది. యాసంగిలో వాగులు ఎండే వేళకు మొక్కజొన్న కంకి వేస్తుంది. అడవిపందికి ఆ చేను ఆహారమే కాక దట్టమైన మరుగు కూడా. ఒక్క రాత్రిలో పంట నేలపాలైన రైతు వేదన సామాన్యమైనది కాదు. ఆ నిస్పృహలో కొందరు తీగలకు నేరుగా విద్యుత్తు కలుపుతున్నారు. ఇది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. ఆ తీగకు పంది, పులి, పశువు, రాత్రి నీరు పెట్టబోయిన రైతు అనే భేదం లేదు.

సౌర కంచె పనితీరు వేరు. దానిలోని పరికరం సుమారు సెకనుకొకసారి క్షణకాలపు విద్యుత్ ఘాతాన్ని మాత్రమే పంపుతుంది. జంతువు బెదిరి వెనుదిరుగుతుంది. నేరుగా కలిపిన తీగలో ప్రవాహం ఆగదు. కండరాలు బిగుసుకుని, పట్టిన తీగను వదలలేని స్థితి ఏర్పడుతుంది. ఈ భేదాన్ని విస్తరణ సిబ్బంది ప్రతి గ్రామంలో వివరించాలి.

పాటించదగిన పద్ధతులు

• మొక్కజొన్న చుట్టూ అనేక వరుసలు ఆముదం దట్టంగా వేయాలి. పందులు దీనిని తినవు; దీని వాసన లోపలి పంట వాసనను కొంత మరుగుపరుస్తుంది.
• వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేయాలి.
• సౌర కంచెను పక్కపక్క రైతులు కలిసి వేసుకుంటే ఎకరాకు ఖర్చు తగ్గుతుంది. తీగలను కలుపు తాకితే విద్యుత్తు నేలలోకి పోతుంది కనుక కంచె వెంట శుభ్రం చేస్తూ ఉండాలి.
• చేనుకు, అడవికి మధ్య పొదలు లేని ఖాళీ స్థలం ఉంచాలి.

ఏ ఒక్క పద్ధతీ ఎల్లకాలం పనిచేయదు. జంతువులు అలవాటు పడతాయి. కనుక వాటిని మార్చి మార్చి, కలిపి వాడాలి. పంట నష్టం జరిగిన వెంటనే అటవీ, వ్యవసాయ సిబ్బందికి తెలిపి, నష్టాన్ని నమోదు చేయించాలి.

అభయారణ్యపు సరిహద్దును పటంలో గీత నిర్ణయిస్తుంది. దాని మనుగడను మాత్రం అంచున ఉన్న చేను నిర్ణయిస్తుంది. పంట నిలిచిన రైతే అడవికి తొలి కాపరి కాగలడు. విస్తరణ శాస్త్రవేత్త కృషి అక్కడే మొదలు కావాలి.