మీకు తెలుసా? సూరత్ అంతా ఒక్క గడిలోనే!

శీతోష్ణస్థితిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు భూమిని గడులుగా కోస్తాయి. చాలావాటిలో ఒక్కో గడి వెడల్పు దాదాపు 100 కిలోమీటర్లు. అంటే సూరత్‌లో మన తెలుగు నేతన్నల మరమగ్గాలు ఆడే ఉధ్నా, తాపీ నది, హజీరా తీరం అన్నిటికీ కలిపి వాన ఒకే అంకె! గడిలో ఇమిడిపోయే చిన్న మేఘాన్ని ఉజ్జాయింపు సూత్రాలతో సరిపెట్టాల్సిందే. నమూనాల మీద అసలు వాదమంతా అక్కడే. అందుకే రుతుపవనాల దగ్గర ఒక నమూనాకూ మరో నమూనాకూ పొంతన కుదరదు.

వేడి సంగతి వేరు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి సుమారు 2.3 డిగ్రీలు వేడెక్కుతుందని 1967లోనే శాస్త్రవేత్తలు మనాబే, వెదరాల్డ్ నమూనాతో లెక్కతేల్చారు. వేడెక్కుతుందన్న మాట నిజమైంది. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ వదిలిన నీళ్లు సూరత్‌ను ముంచెత్తాయి. అలాంటి ఊరికి గడి ఇంకా చిన్నది కావాలి.